అడవి జీవులకు తిండి పెడితే పుణ్యమేనా? పాకాల చెరువు దగ్గర వచ్చిన ఒక సందేహం



పోయిన వారం మన ఛానల్‌లో పాకాల చెరువు వీడియో పెట్టాం. కట్ట, మత్తడి, పక్షులు, చుట్టూ ఉన్న అడవి చూపించేసరికే టైం అయిపోయింది. కానీ ఆ రోజు దారిలో మా ఇంట్లోవాళ్ళ మధ్య ఒక వాదన జరిగింది. అది వీడియోలో పెట్టలేదు. రెండు నిమిషాల్లో చెప్తే ఎవరో ఒకరిని తప్పు పట్టినట్టు అవుతుంది. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

సందేహం ఇది. చెరువు దగ్గర, అడవి దారిలో, రోడ్డు పక్కన కనిపించే జీవులకు మన చేత్తో తిండి పెడతాం. అరటిపండో, బిస్కెట్టో, బ్రెడ్డో, ముర్మురాలో. అది పుణ్యమేనా? మనం దయ అనుకుంటున్నది వాటికి నిజంగా మేలు చేస్తోందా?

చిన్న విషయంలా కనిపిస్తుంది. మా ఊళ్ళో మాత్రం ఇది చిన్న విషయం కాదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు పాకాల గురించి నాలుగు మాటలు

మాది వర్ధన్నపేట. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. శని ఆదివారాలు కుదిరినప్పుడల్లా ఇంటికి వస్తాను. ఈసారి వచ్చినప్పుడు అందరం కలిసి పాకాల వెళ్దాం అనుకున్నాం. నర్సంపేట దాటి ఖానాపురం మండలంలోకి వెళ్తే అడవి మొదలవుతుంది. ఆ అడవి మధ్యలో ఉంటుంది ఈ చెరువు.

క్రీ.శ. 1213లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కాలంలో, ఆయన మంత్రి బయ్యన నాయకుడి కొడుకు జగదాల ముమ్మడి దీన్ని కట్టించాడు. గుట్టల మధ్య నుంచి పారే నీళ్ళకు అడ్డంగా కట్ట పోస్తే ఇంత చెరువు తయారైంది. విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. రామప్ప గుడి కట్టిందీ అదే 1213లో. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మనమంతా సంబరపడ్డాం. అదే వయసున్న చెరువు మాత్రం ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తూనే ఉంది.

ఇక్కడి నీళ్ళు మత్తడి దూకి వాగై, మున్నేరై కృష్ణమ్మలో కలుస్తాయి. మా వర్ధన్నపేట పక్కన పారే ఆకేరు కూడా ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులోనే కలుస్తుంది. అంటే మా ఊరి వాగు నీళ్ళూ పాకాల నీళ్ళూ చివరికి ఒకటే. ఈ సంగతి కట్ట మీద నిలబడి చెప్తే మా నాయనమ్మ నీళ్ళకు దండం పెట్టింది.

చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. 800 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. చలికాలం పొద్దున వెళ్తే నీళ్ళ అంచున తెల్లకొంగలు కనిపిస్తాయి. ఎండిన కొమ్మల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకులు ఉంటాయి. లకుముకి పిట్ట గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ ఆగి, గురిచూసి నీళ్ళలోకి దూకుతుంది. బూడిద రంగులో, పొడుగు మెడతో, కదలకుండా నిలబడే పెద్ద కొంగను మనవాళ్ళు నారాయణ పక్షి అంటారు. ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ, దాని నిలకడ చూస్తే మాత్రం జపం చేసుకుంటున్నట్టే ఉంటుంది.

వాదన ఎలా మొదలైంది

మా తాత పోయినప్పటి నుంచి నాయనమ్మ ఒక నియమం పెట్టుకుంది. ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడికి పోతుంది. వచ్చేటప్పుడు గుడి దగ్గరి కోతులకు అరటిపండ్లు పెడుతుంది. వాటిని కోతులు అనదు, స్వామి అంటుంది. పాకాలకు బయల్దేరేటప్పుడు కూడా రెండు డజన్ల అరటిపండ్లు సంచిలో వేసుకుంది.

అడవి దారిలో రోడ్డుకు రెండు పక్కలా కోతులు కూర్చుని ఉన్నాయి. మా ముందు వెళ్తున్న కారు ఆగింది. లోపల నుంచి ఎవరో చిప్స్ ప్యాకెట్ విసిరారు. ఒక్కసారిగా ఇరవై ముప్పై కోతులు రోడ్డు మీదికి వచ్చాయి. ఒక తల్లి కోతి పిల్లను పొట్టకు కరిపించుకుని ఎదురుగా వస్తున్న బండి కింద పడబోయి తప్పించుకుంది.

నాయనమ్మ "ఆపు బిడ్డా, పండ్లు పెడ్త" అంది. వెనక సీట్లో ఉన్న పెద్దనాయిన "ఆపకు" అన్నాడు.

పెద్దనాయిన రైతు. ఒకప్పుడు మాకు పల్లి చేను ఉండేది. ఇప్పుడు లేదు. కోతుల మందలు పడి పల్లికాయ పీకి పారేస్తుంటే రెండేళ్ళు కాపలా కాసి, మూడో ఏడు పత్తి పెట్టాడు. పెరట్లో కూరగాయలు పెట్టడం కూడా మానేశాం. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. తెలంగాణలో చాలా ఊళ్ళలో పల్లి, మక్క, కూరగాయలు మానుకున్న రైతులు ఇదే కారణం చెప్తారు.

"అవ్వా, నువ్వు శనివారం పండ్లు పెడ్తవు. అవి సోమవారం నా చేన్ల పడ్తయ్" అన్నాడు పెద్దనాయిన.

"ఆకలైతె రావా? నీకాకలైతె నువ్వు నా దగ్గరికి రాలేదా?" అంది నాయనమ్మ.

నేను బండి ఆపలేదు. చెరువు చేరేదాకా ఆమె ఎవరితో మాట్లాడలేదు. ఆ తర్వాత పండ్లన్నీ కట్ట మీద మేం తలా ఒకటి తిని, మిగిలినవి అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు పంచాం.

ఇద్దరిదీ ధర్మమే కదా అనిపించింది నాకు. ఒకరిది ఆకలి చూసి ఆగలేని మనసు. ఇంకొకరిది కష్టపడి పండించిన గింజ. అప్పటి నుంచి మన పెద్దలు ఈ విషయంలో ఏం చెప్పారో వెతుకుతూ వచ్చాను.

భూతయజ్ఞం అంటే ఏంటి?

గృహస్థు రోజూ చేయాల్సినవి ఐదు యజ్ఞాలని మన ధర్మశాస్త్రాలు చెప్తాయి. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు, తోటి మనుషులకు, చివరగా సమస్త ప్రాణులకు. ఆ చివరిదే భూతయజ్ఞం. మనం తినే ముందు తక్కిన జీవులకు కొంత తీసిపెట్టడం.

ఇది మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమలు తింటాయి. తద్దినం రోజు కాకికి ముద్ద పెడతాం. ఆవుకు మొదటి రొట్టె, కుక్కకు చివరి రొట్టె అనే ఇళ్ళు ఉన్నాయి. ఎండాకాలం గోడ మీద పిచ్చుకలకు నీళ్ళు పెడతాం. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. మీకూ తెలిసినవే.

ఒక్కసారి గమనించండి. చీమ, కాకి, ఆవు, కుక్క, పిచ్చుక. ఇవన్నీ ఎక్కడ ఉంటాయి? మన ఇంటి దగ్గరే, మనతోనే ఉంటాయి. మన వాకిలే వాటి మేత స్థలం కూడా. మనం ఇల్లు కట్టుకున్న చోట వాటికీ వాటా ఉంది, ఆ వాటా ఇవ్వు అంటోంది శాస్త్రం. అడవికి వెళ్ళి, అక్కడ తన తిండి తను వెతుక్కునే జీవి నోట్లో మన వంట పెట్టమని నేను చదివినంతలో ఎక్కడా కనిపించలేదు.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణ పరమాత్మ దానాన్ని మూడు రకాలుగా విడదీసి చెప్తాడు. సాత్త్విక దానానికి మూడు చూడమంటాడు: ఎక్కడ ఇస్తున్నాం, ఎప్పుడు ఇస్తున్నాం, ఎవరికి ఇస్తున్నాం. తిరిగి ఏదీ ఆశించకూడదు అని కూడా చెప్తాడు. చోటు, సమయం చూడకుండా, తగనివాళ్ళకు ఇస్తే అది తామస దానం అయిపోతుంది. అంటే ఇచ్చే చేతిలో ప్రేమ ఉంటే సరిపోదన్నమాట. పుచ్చుకునేవాళ్ళకు అది ఏమవుతుందో కూడా ఇచ్చేవాడే చూసుకోవాలి.

ఈ మూడు ప్రశ్నలతో అడవి దారిని చూడండి. చోటు: బండ్లు తిరిగే రోడ్డు. సమయం: మనకు తీరిక దొరికిన ఆదివారం. పాత్ర: అడవిలో పండు, ఆకు, పురుగు తిని బతికే జీవి. ఇస్తున్నది: ఉప్పు కారం పట్టించిన చిప్స్. ఇక "తిరిగి ఆశించకపోవడం" సంగతి ఫోన్ పట్టుకుని వీడియో తీసుకునేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆలోచించుకోవాలి.

జడభరతుడి లేడిపిల్ల

ఈ విషయంలో నాకు ఎక్కువ సాయం చేసింది భాగవతం ఐదో స్కంధంలోని భరతుడి కథ. బమ్మెర మా దగ్గరే, పాలకుర్తి వైపు. పోతనగారి భాగవతం మాకు ఇంటి పుస్తకం లాంటిది. అందులో ఈ ఐదో స్కంధాన్ని తెలుగు చేసింది బొప్పరాజు గంగన.

భరతుడు రాజ్యం వదిలేసి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్నాడు. ఒక రోజు నిండు చూలాలైన లేడి నీళ్ళు తాగడానికి వచ్చింది. సింహం గర్జన విని బెదిరి నది దాటబోయి దూకింది. ఆ దూకుడులో పిల్ల కడుపులోంచి జారి నీళ్ళలో పడింది. తల్లి చచ్చిపోయింది. భరతుడు ప్రవాహంలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను ఎత్తుకొచ్చాడు.

ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టరు. ప్రాణం పోతుంటే కాపాడటం ధర్మమే.

తర్వాత ఏం జరిగింది? గడ్డి తెచ్చి తినిపించాడు. ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. పూజ మధ్యలో లేచి అది ఎక్కడుందో చూసుకునేవాడు. కాసేపు కనిపించకపోతే ఏడ్చేవాడు. రాజ్యం, భార్యా పిల్లలను తెంచుకుని వచ్చినవాడు ఒక లేడిపిల్ల దగ్గర కట్టుబడిపోయాడు. చివరి ఘడియలో కూడా దాన్నే తలుచుకుంటూ ప్రాణం వదిలి మరు జన్మలో లేడిగా పుట్టాడు.

చిన్నప్పుడు ఈ కథను వైరాగ్యం గురించిన కథగానే విన్నాను. ఇప్పుడు ఇంకొకటి కూడా కనిపిస్తోంది. భరతుడి దయలో ఒక గీత ఉంది. ఆ గీతకు ఇటు పక్క లేడికి కావాల్సింది ఉంది, అటు పక్క భరతుడికి కావాల్సింది ఉంది. నీళ్ళలోంచి తీసినప్పుడు లేడికి భరతుడు కావాలి. పెరిగి పెద్దయ్యాక భరతుడికే లేడి కావాలి. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ ప్రేమగానే కనిపిస్తాయి. ఆ గీత ఎప్పుడు దాటామో మనకే తెలియదు.

కోతి మన చేతిలోంచి పండు తీసుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయి అబద్ధం కాదు. కానీ ఆ హాయి ఎవరిది?

మనం పెట్టిన తిండి తర్వాత ఏం చేస్తుంది?

యాప్‌లు తయారు చేసే మాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే బహుమతి దొరికితే అలవాటు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫోన్‌ని మనం ఊరికే తీసి చూస్తుంటాం కదా, అందుకే. రోడ్డు పక్క కోతికీ అదే జరుగుతోంది. పది బండ్లలో ఒకటి ఆగుతుంది. ఆ ఒక్కదాని కోసం పది బండ్లకూ ఎదురు చూస్తుంది. అడవిలోకి పోయి రోజంతా వెతుక్కునే పని మానేస్తుంది. పిల్లలకు కూడా రోడ్డు పక్కన కూర్చోవడమే నేర్పుతుంది.

తేలిగ్గా దొరికే తిండి పెరిగితే మంద పెరుగుతుంది. బండ్లు రాని రోజు ఆ మంద దగ్గర్లోని చేనులో పడుతుంది. మనిషంటే భయం పోతుంది కాబట్టి చేతిలో సంచి కనిపిస్తే లాక్కుంటుంది, కరుస్తుంది. మన జబ్బులు వాటికీ, వాటివి మనకూ అంటుకోవచ్చు. కోతులు చెట్ల మీద పక్షుల గుడ్లు కూడా తింటాయి. అంటే రోడ్డు మీద ఒక జీవికి చూపిన దయకు గూటిలోని ఇంకో జీవి ఖర్చు కట్టాల్సి రావచ్చు.

నీటి పక్షుల సంగతీ అంతే. బ్రెడ్డుతో వాటి పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళుతుంది. కవర్లు ఎలాగూ అక్కడే ఉండిపోతాయి.

రాష్ట్రంలో ఈ సమస్య ఎంత పెరిగిందంటే, 2020 డిసెంబర్‌లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. ఇతర చోట్లా ఇలాంటి చిక్కులే ఉన్నాయి. ముంబైలో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలను 2025లో మూయించినప్పుడు పెద్ద గొడవైంది. జీవదయ తమ మతధర్మం అని ఒక పక్క జనం రోడ్డెక్కారు. రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తున్నాయని ఇంకో పక్క వాదించారు. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ గింజలు వేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా నాయనమ్మ లాంటివాళ్ళే.

పాలపిట్ట మనకు నేర్పింది

దసరా రోజు జమ్మి చెట్టు దగ్గరికి పోయేటప్పుడు పాలపిట్టను చూడటం మన తెలంగాణలో ఆచారం. అది మన రాష్ట్ర పక్షి కూడా. ఈ ఆచారంలో ఉన్న మర్యాద చూడండి. పాలపిట్టకు గింజలు వేయమనలేదు. పట్టుకోమనలేదు. ఊరి బయటికి నడిచి వెళ్ళి, కళ్ళు ఎత్తి వెతికి, కనిపిస్తే దండం పెట్టుకో అన్నారు. దర్శనం మాత్రమే. కనిపించాలంటే ఊరి చివర చెట్లు ఉండాలి, బీడు ఉండాలి, పురుగూ పుట్రా ఉండాలి. అంటే ఏడాదంతా దాని చోటు దానికి ఉంచినవాళ్ళకే దసరా రోజు దర్శనం.

పట్నాల్లో ఇది ఏమైందో మీకు తెలుసు. పాలపిట్టను పట్టి, రెక్కలు కత్తిరించి, కాళ్ళు కట్టి, పంజరంలో పెట్టి గుళ్ళ ముందు డబ్బులకు చూపిస్తున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎగరలేని పాలపిట్టను చూస్తే ఏ విజయం వస్తుందండీ?

గుడిలోనూ మనం ఇదే పాటిస్తాం. గర్భగుడి గడప దగ్గర ఆగుతాం. ఎంత ప్రేమ ఉన్నా లోపలికి వెళ్ళి స్వామిని ముట్టుకోం. ఆ దూరాన్ని ఎవరూ ప్రేమ లేకపోవడం అనుకోరు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తనకు ఇరవై నాలుగు మంది గురువులని చెప్తాడు. వాళ్ళలో పావురం ఉంది, కొండచిలువ ఉంది, చేప ఉంది, తేనెటీగ ఉంది. వాటిని ఆయన మచ్చిక చేసుకోలేదు. ఊరికే చూశాడు, నేర్చుకున్నాడు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చెట్ల మీద గూళ్ళు పెడతాయి. అవి వస్తేనే ఊరికి శుభమని అక్కడివాళ్ళ నమ్మకం. నెల్లూరు వైపు నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచివని రైతులే వాటిని కాచుకుంటారు. ఈ ఊళ్ళవాళ్ళు పక్షులను బతికించింది తిండి పెట్టి కాదు. చెట్టు కొట్టకుండా, రాయి విసరకుండా, గూటి జోలికి పోకుండా ఉన్నారు. తక్కిన పని పక్షులే చూసుకున్నాయి.

చెరువు కట్టినవాడు పక్షులకు ఏం పెట్టాడు?

పాకాల కట్ట మీద నిలబడి నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇదే. ఎనిమిది వందల ఏళ్ళుగా ఇక్కడ లెక్కలేనన్ని పక్షులు తింటున్నాయి. ఎవరు పెడుతున్నారు? ఎవరూ పెట్టట్లేదు. జగదాల ముమ్మడి కట్ట పోశాడు, నీళ్ళు నిలిచాయి, చేపలు పుట్టాయి, నత్తలు పుట్టాయి, కొంగలు వచ్చాయి. ఆయన పోయాక కూడా ఆ అన్నదానం ఆగలేదు. ఏ పక్షీ ఆయన చేతి వైపు చూడలేదు.

కాకతీయుల కాలంలో సప్త సంతానాలని ఏడింటిని చెప్పుకునేవారు. మనిషి పోయాక కూడా అతని పేరు నిలిపేవి. అందులో కొడుకుతో పాటు చెరువు ఉంది, వనం ఉంది, గుడి ఉంది. చెరువు తవ్వించడం, తోట వేయించడం కన్నబిడ్డతో సమానం అనుకున్నారు. మన ఊరి ప్రతి చెరువు కట్ట మీదా ఒక కట్టమైసమ్మ ఉంటుంది. చెరువును కాచే తల్లి ఆమె.

చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే అంచు భూమిని మనం శిఖం అంటాం. కొంగలకు, ఉల్లంకి పిట్టలకు అసలైన విస్తరాకు అదే. లోతు నీళ్ళలో అవి నిలబడలేవు. మోకాలి లోతు నీళ్ళు, బురద ఉన్నచోటే మేత. ఆ శిఖంలోనే మనం మట్టి పోసి ప్లాట్లు చేస్తున్నాం. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట అందరి నోటా వినిపించింది. కానీ శిఖం జోలికి పోవద్దని మన ముసలివాళ్ళు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు. ఒకడు శిఖంలో ప్లాటు కొని, ఇంటి మీద పక్షులకు గింజలు పోసే గిన్నె వేలాడదీస్తే లెక్క సరిపోతుందా?

నాకు అర్థమైంది ఇంతే. ఇంటి దగ్గరి జీవులకు తిండి పెట్టడం ధర్మం. అడవి జీవులకు వాటి చోటు వదిలిపెట్టడం ధర్మం. పెట్టడం కంటే వదిలిపెట్టడమే కష్టం. ఎవరూ చూడరు, ఫోటో రాదు, ఏ జీవీ వచ్చి మన చేయి నాకదు.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

ఇదంతా ఇంటికి వచ్చాక నాయనమ్మకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. రామాయణంలో సుగ్రీవుడికి మధువనం ఉండేది కదా, సీతమ్మ జాడ తెలిశాక వానరులు అందులోనే పండగ చేసుకున్నారు కదా, వాళ్ళకు వాళ్ళ వనమే ఉండేది, మనం స్వామికి అరటిపండు బదులు వనం ఇద్దాం అన్నాను. ఊరి గుట్ట దగ్గర మేడి, రావి, నేరేడు, చింత పెడదామని చెప్పాను.

ఆమె ఒకటే అడిగింది.

"మంచిదే బిడ్డా. నువ్వు పెట్టిన చెట్టు కాసేదాంక అవి ఏం తినాలె? అడవిల పండ్లు లేకుంట చేసింది మనమే నాయె."

నేను ఎంత ఆలోచించినా ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకలేదు. అడవిలో పండ్ల చెట్లు తగ్గి టేకు, నీలగిరి తోటలు పెరిగింది మన వల్లే. రోడ్డు వేసింది మనమే. ఆ రోడ్డు మీద చేయి చాపి కూర్చోవడం నేర్పింది మనమే. ఇప్పుడు "మీ మేలు కోసమే" అని కిటికీ అద్దం ఎత్తేస్తే, అలవాటు పడిన ఈ తరం కోతులు కొన్ని రోజులు ఆకలితో ఉంటాయి. ఆ ఆకలి పాపం ఎవరిది? కాదని దులిపేసుకోలేం.

అయినా రోడ్డు మీద పండు పెట్టడం దానికి విరుగుడు అనుకోలేకపోతున్నాను. అప్పు ఉందని ఒప్పుకోవడం వేరు, వడ్డీ మీద వడ్డీ పెంచుకుంటూ పోవడం వేరు. రోడ్డు మీద పెట్టే ప్రతి పండుతో ఇంకో పిల్ల కోతి రోడ్డుకే అలవాటు పడుతుంది. అప్పు తీరాలంటే చెట్టే పెట్టాలి. అది కాసేదాకా పట్టే ఐదారేళ్ళు బాధగానే ఉంటుంది. ఆ బాధ తెలిసి కూడా చేయాల్సిన పని ఇది. బాధే లేదనుకుని చేస్తే మాత్రం మనలో దయ తగ్గిపోయినట్టే. ఆ విషయంలో నాయనమ్మ మాటే నిజం.

ప్రస్తుతానికి మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. శనివారం అరటిపండ్లు గుడిలో స్వామికి నైవేద్యం పెట్టి ప్రసాదంగా మనుషులకు పంచుతుంది. ఆ రోజే గుట్ట దగ్గర పెట్టిన మొక్కలకు నీళ్ళు పోయిస్తుంది. పెద్దనాయిన ట్రాక్టర్ మీద డ్రమ్ము తీసుకుపోతాడు. కానీ గుడి మెట్ల మీద ముసలి కోతి ఒకటి ఎదురుచూస్తుంటే ఇప్పటికీ ఆమె చేయి సంచిలోకి పోతుందని అమ్మ చెప్పింది. నేనేం అనలేదు.

పాకాల గానీ, ఏ చెరువు గానీ వెళ్ళేవాళ్ళకు

మీరు కూడా పిల్లలతో వెళ్తే ఈ నాలుగు పాటించి చూడండి:

1. అడవి దారిలో బండి ఆపి ఏ జీవికీ తిండి వేయొద్దు. నెమ్మదిగా వెళ్ళండి, హారన్ కొట్టకండి.

2. చెరువు దగ్గర తినాలనుకుంటే తినండి. తొక్క, కవరు, మిగిలిన అన్నం అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.

3. పక్షులు ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టకండి, రాళ్ళు వేయకండి. ఒక అరగంట కదలకుండా కూర్చోండి. నారాయణ పక్షి ఎంతసేపు నిలబడుతుందో పిల్లలను లెక్కపెట్టమనండి. నా మాట నమ్మండి, ముందు మన వాళ్ళే కదులుతారు.

4. చేతికి తిండి పెట్టాలనే అనిపిస్తే ఇంటి ముందు ఆవుకు, కాకికి, కుక్కకు పెట్టండి. గోడ మీద గిన్నెలో నీళ్ళు పెట్టి రోజూ కడిగి మార్చండి. అడవి జీవి పేరు మీద ఊరి చెరువు దగ్గర ఒక మేడి మొక్క పెట్టండి.

మీ ఊరి చెరువు శిఖం ఇప్పుడు ఎలా ఉందో ఈ ఆదివారం ఒకసారి వెళ్ళి చూసి రండి. కట్టమైసమ్మకు దండం పెట్టుకుని, కట్ట మీద కాసేపు కూర్చోండి. ఏ ఏ పక్షులు కనిపించాయో మాకు రాయండి. వచ్చే వీడియోలో మీ ఊరి పేరు చెప్పి చదువుతాం.

ఆ తల్లి మనల్నీ, మన చెరువులనూ, వాటిని నమ్ముకున్న సకల జీవులనూ చల్లగా చూడాలని కోరుకుంటూ,

శుభం.